ఆచార్యుని ఋణం, పరిశోధకుని స్వేచ్ఛ: పర్యవేక్షణ బంధంలో హద్దుల విచారణ

ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే విద్యార్థికీ, ఆ పరిశోధనను నడిపించే ఆచార్యునికీ మధ్య ఉన్న సంబంధాన్ని మనం ఒక్క పేరుతో పిలవడం లేదు. నియమావళిలో ఆయన ‘పర్యవేక్షకుడు’. దరఖాస్తులో ‘మార్గదర్శి’. తోటి విద్యార్థులతో మాట్లాడేటప్పుడు ‘గైడు’. ఎదురుపడినప్పుడు ‘సార్’ లేదా ‘మేడమ్’. సిద్ధాంత గ్రంథంలోని కృతజ్ఞతల పుటకు వచ్చేసరికి ‘గురువర్యులు’, ‘పితృసమానులు’. ఇన్ని పేర్లు మర్యాద వల్ల మాత్రమే ఏర్పడినవి కావు. ప్రతి పేరూ తనదైన బాధ్యతల చిట్టాను వెంట తెస్తుంది. పర్యవేక్షకుని ఇంటి పని చేయడం విద్యార్థి విధి కాదు. గురువుకు శుశ్రూష చేయడం మాత్రం ధర్మమని విన్నాం. మార్గదర్శితో విభేదించడం పరిశోధనలో భాగం. తండ్రి వంటివానితో విభేదించడం అవిధేయత. ఏ క్షణంలో ఏ పేరు చలామణి కావాలో నిర్ణయించే అధికారం ఇద్దరిలో ఒక్కరికే ఉన్నప్పుడు, ఆ పేర్ల మధ్య సందిగ్ధత నైతిక సమస్యగా మారుతుంది.

ఈ బంధానికి హద్దు ఎక్కడ ఉండాలి అన్నది ఈ వ్యాసంలో పరిశీలించే ప్రశ్న. హద్దు అంటే దూరం అని సాధారణంగా అనుకుంటాం. దగ్గరితనం ఎక్కువైతే హద్దు దాటినట్టు, ముభావంగా ఉంటే హద్దు పాటించినట్టు భావిస్తాం. ఈ అవగాహన సరైనది కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. విద్యార్థి తనకు నష్టం కలగకుండా ‘కాదు’ అనగలిగే స్థితి ఎంతవరకు నిలిచి ఉంటుందో, అంతవరకు దగ్గరితనం దోషం కాదు. ఆ స్థితి పోయిన చోట, ఎంత ముభావంగా ఉన్నా, హద్దు చెదిరినట్టే. ఈ ప్రతిపాదనను పరీక్షించడానికి మహాభారతంలోని పౌష్యోపాఖ్యానం, నాగార్జునకొండ విహారాలతో సంబంధమున్న బౌద్ధ వినయ సంప్రదాయం, పల్నాటి వీరుల కథ, ఆ కథ మీద జరిగిన పరిశోధన, ప్రస్తుతం అమలులో ఉన్న విశ్వవిద్యాలయ నిధుల సంఘం నియమాలు ఆధారాలుగా తీసుకుంటున్నాను.

1. సంతకం బరువు

ముందుగా ఈ సంబంధంలో ఉన్న అసమానతను స్పష్టంగా చూడాలి. 2022 నవంబరులో వెలువడిన పిహెచ్.డి. నియమాల ప్రకారం ఈ పట్టాకు కనీస కాలం మూడేళ్ళు, గరిష్ఠ కాలం ఆరేళ్ళు; తిరిగి నమోదు చేసుకుంటే మరికొంత గడువు లభిస్తుంది. ఇంత కాలం విద్యార్థి జీవితం ఒక సంతకం చుట్టూ తిరుగుతుంది. హాజరు పత్రం, ఫెలోషిప్ కోరే పత్రం, క్షేత్ర పర్యటన అనుమతి, ప్రగతి నివేదిక, చివరికి సిద్ధాంత గ్రంథ సమర్పణకు ధ్రువపత్రం, అన్నిటికీ ఆ సంతకమే కావాలి. 2023 జనవరి 1 నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ మొత్తం నెలకు 37,000 రూపాయలు. గురజాల, మాచర్ల ప్రాంతాల్లో మిరప, పత్తి సాగు మీద బతికే కుటుంబం నుంచి మొదటిసారిగా విశ్వవిద్యాలయానికి వచ్చిన విద్యార్థికి ఇది తన ఒక్కడి ఖర్చు కాదు. అందులో కొంత ఇంటి అప్పు వడ్డీకో, చెల్లెలి చదువుకో పోతుంది. అటువంటి విద్యార్థికి ఒక సంతకం వారం రోజులు ఆలస్యమవడం అంటే ఏమిటో సంతకం చేసేవారికి తెలియకపోవచ్చు.

పట్టా వచ్చిన తరువాత కూడా ఈ ఆధారపడటం ముగియదు. తెలుగు శాఖల ప్రపంచం చిన్నది. సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షించేవారు, పత్రికలకు వచ్చిన వ్యాసాలను సమీక్షించేవారు, సదస్సులు నిర్వహించేవారు, ఉద్యోగ ఎంపిక సంఘాల్లో కూర్చునేవారు చాలావరకు ఒకరికొకరు తెలిసినవారే. కర్మాగారంలో పనివాడు యజమానిని మార్చుకుంటే చేతిపని తనతోనే వస్తుంది. పరిశోధకుడు పర్యవేక్షకుని మార్చుకుంటే తరచుగా విషయం మారుతుంది, పోయిన ఏళ్ళు పోతాయి, ‘ఎందుకు మారాడు’ అన్న ప్రశ్న మాత్రం వెంట వస్తుంది. ఈ వ్యాసం రాస్తున్నది కూడా ఆ సంతకాల మధ్యనే ఉన్న పరిశోధక విద్యార్థి అన్నది పాఠకులు గమనించవచ్చు. అది ఈ పరిశీలనకు పరిమితి. ఒక విధంగా ఆధారం కూడా.

ఈ అసమానతను రద్దు చేయడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. తెలిసినవాడు తెలియనివాడిని నడిపించే చోట అధికారం ఉంటుంది. పాఠపరిష్కరణలో తప్పు దొర్లితే ‘ఇది తప్పు’ అని చెప్పే అధికారం లేకపోతే పర్యవేక్షణకు అర్థం లేదు. ప్రశ్న అధికారం ఉండటం గురించి కాదు. ఒక పని కోసం ఇచ్చిన అధికారం మరో పనికి ప్రవహించడం గురించి. అధ్యాయాన్ని దిద్దే అధికారం విద్యార్థి ఆదివారాల మీద, అతని వివాహ నిర్ణయం మీద, అతను ఏ సభకు వెళ్ళాలి, ఎవరితో మాట్లాడాలి అన్నదాని మీద అధికారంగా మారినప్పుడు అది తన గట్టు దాటింది.

2. ధౌమ్యుని ముగ్గురు శిష్యులు

గురుశిష్య బంధానికి హద్దులు గీయడం పాశ్చాత్య భావన అనీ, మన సంప్రదాయంలో శిష్యుడు సర్వమూ అర్పించుకోవడమే ఉందనీ ఒక వాదం వినిపిస్తుంది. సంప్రదాయాన్ని సాక్ష్యంగా పిలిచినప్పుడు దాని సాక్ష్యం మొత్తం వినాలి.

ఆదిపర్వంలోని పౌష్యోపాఖ్యానం ధౌమ్యుని ముగ్గురు శిష్యుల కథతో మొదలవుతుంది. ఆరుణి పొలం గట్టు తెగిన చోట నీటికి అడ్డంగా తానే పడుకుంటాడు. ఉపమన్యుడు పశువులు కాస్తూ, గురువు భిక్షాన్నం, పాలు, చివరికి దూడలు విడిచిన నురుగు కూడా నిషేధించగా, ఆకలికి తాళలేక జిల్లేడు ఆకులు తిని చూపు పోగొట్టుకొని బావిలో పడతాడు. మూడవవాడు వేదుడు. ఎద్దులా బరువు మోస్తూ, ఎండకు, చలికి, ఆకలికి ఓర్చి చాలా కాలం గురుగృహంలో గడుపుతాడు. ముగ్గురూ గురువు అనుగ్రహం పొందుతారు. గురుభక్తికి ఉదాహరణలుగా మనం మొదటి ఇద్దరి కథలను పిల్లలకు చెబుతాం. మూడవ కథను అంతగా చెప్పం. కాని నైతికంగా ఈ ఉపాఖ్యానంలో కీలకమైనవాడు వేదుడే. అతను స్వయంగా గురువైన తరువాత, గురుగృహంలో శిష్యులు పడే కష్టం తనకు తెలుసు కనుక, తన శిష్యులను ఆ విధమైన సేవలతో బాధపెట్టడానికి ఇష్టపడడు. తాను భరించినదాన్ని తన తరువాతివారి చేత భరింపజేయడం న్యాయమని అతను అనుకోలేదు. ‘మా రోజుల్లో మేమూ ఇలాగే చేశాం’ అన్న మాటకు మహాభారతమే ఇచ్చిన సమాధానం ఇది.

వేదుని శిష్యుడు ఉదంకుడు. నన్నయ ఆంధ్రీకరణలో ఇతడు పైలుని శిష్యుడు. సంస్కృత కథలో వేదుడు యజ్ఞకార్యం మీద వెళుతూ, ఇంట్లో ఏ లోటు వచ్చినా చూసుకొమ్మని ఉదంకునికి అప్పగిస్తాడు. గురువు లేని సమయంలో గురుపత్ని ఋతుకాలం వ్యర్థం కాకుండా గురువు స్థానంలో నిలవమని ఆ ఇంటి స్త్రీలు అతన్ని కోరతారు. అతను నిరాకరిస్తాడు. అకార్యమైనా చేయమని గురువు తనకు చెప్పలేదన్నది అతని తర్కం. ఇక్కడ గమనించవలసింది ఆజ్ఞ పరిధిని శిష్యుడు స్వయంగా నిర్ణయించుకోవడం. ‘ఏ లోటు వచ్చినా’ అన్న మాటకు అక్షరార్థం తీసుకుంటే అంతులేని విధేయత వస్తుంది. శిష్యుడు ఆ మాటకు ధర్మం అనే గట్టు వేసుకున్నాడు. తిరిగి వచ్చిన గురువు దాన్ని ధిక్కారంగా తీసుకోలేదు, సంతోషించాడు.

కథ అక్కడ ఆగదు. ఉదంకుడు దక్షిణ ఇస్తానని పట్టుబడతాడు. గురువు తనకేమీ అడగడు. ఇంట్లో అడగమని భార్య దగ్గరకు పంపుతాడు. ఆమె పౌష్య మహారాజు భార్య ధరించే కుండలాలు కోరుతుంది. వాటిని తెచ్చే దారిలో తక్షకుడు అపహరించడం, ఆ వైరం జనమేజయుని సర్పయాగం దాకా పాకడం తెలిసిందే. గురువు అడగలేదు నిజమే, కాని అడగడాన్ని ఇంటికి వదిలేశాడు. నేటి శాఖల్లో విద్యార్థిని ఇబ్బంది పెట్టే కోరికలు ఎన్నో ఆచార్యుని నోటి నుంచి కాక ఆయన పరిసరాల నుంచి వస్తాయి. బంధువుల పెళ్ళి పనులు, పిల్లల ప్రాజెక్టులు, ఊరి నుంచి వచ్చినవారిని రైలెక్కించడం వంటివి. ‘నేను చెప్పలేదు’ అన్న మాట అటువంటి చోట సమాధానం కాదు. తన పేరు మీద అడగబడేవాటికి కూడా అధికారం ఉన్నవాడే బాధ్యుడు.

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి చదువు ముగించి వెళుతున్న శిష్యునికి చేసే బోధలో ఇదే వివేకం కనిపిస్తుంది. తమలోని మంచి నడవడికనే అనుసరించాలనీ, తక్కినవి కాదనీ ఆచార్యుడే చెబుతాడు. తనలో అనుసరించదగనివి ఉండవచ్చునని గురువు ముందుగానే ఒప్పుకోవడం ఆ బోధలోని సారం. శిష్యుని విచక్షణకు గురువే తలుపు తెరిచి ఉంచుతున్నాడు.

3. నాగార్జునకొండ: పరస్పర విధుల నమూనా

మాచర్ల ప్రాంతంలో, కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. నాగార్జునసాగర్ జలాశయంలో ఆ లోయ మునిగిపోయే ముందు 1954–60 మధ్య జరిగిన తవ్వకాల్లో స్తూపాలతో పాటు నడుమ మండపం, చుట్టూ వరుస గదులు గల విహారాలు అనేకం బయటపడ్డాయి. క్రీ.శ. మూడవ, నాల్గవ శతాబ్దాల నాటి ఆ గదుల్లో ఆచార్యులు, శిష్యులు కలిసి బతికారు. వేర్వేరు బౌద్ధ శాఖలకు వేర్వేరు ఆరామాలు ఉండేవి. ఉపాసిక బోధిసిరి శాసనం తామ్రపర్ణి ఆచార్యులను, సింహళ విహారాన్ని పేర్కొంటుంది. అంటే నేటి పల్నాడుకు సింహళ సంప్రదాయంతో ప్రత్యక్ష సంబంధం ఉండేది. ఆ సంప్రదాయం భద్రపరచిన పాళీ వినయ పిటకంలోని మహావగ్గలో గురుశిష్య విధులు సవివరంగా ఉన్నాయి.

ఉపాధ్యాయుడు శిష్యుని కొడుకుగా, శిష్యుడు ఉపాధ్యాయుని తండ్రిగా చూడాలని మహావగ్గ మొదట చెబుతుంది. కాని ‘తండ్రి వంటివాడు’ అన్న మాట దగ్గర ఆగదు. శిష్యుడు చేయవలసిన సేవలను ఒక్కొక్కటిగా లెక్కించి చెబుతుంది: పంటిపుల్ల ఇవ్వడం, ముఖం కడుగుకోవడానికి నీరు ఇవ్వడం, గది ఊడ్వడం, చీవరాలు ఉతకడం. ఆ వెంటనే ఉపాధ్యాయుడు శిష్యునికి చేయవలసినవాటిని అదే విధంగా చెబుతుంది. శిష్యుడు జబ్బుపడితే అవే సేవలు ఉపాధ్యాయుడు చేయాలి. తన దగ్గర ఉండి శిష్యునికి లేకపోతే భిక్షాపాత్ర, చీవరం ఇవ్వాలి. సేవ ఒకే దిశలో ప్రవహించే నీరు కాదన్నమాట.

మన ప్రశ్నకు మరింత దగ్గరైన మూడు అంశాలు అక్కడ ఉన్నాయి. మొదటిది, భిన్నాభిప్రాయం విధిగా మారడం. ఉపాధ్యాయునిలో తప్పుడు దృష్టి తలెత్తితే దాన్ని తొలగించడానికి ప్రయత్నించడం, అతని మాట దోషానికి దారి తీస్తుంటే వారించడం శిష్యుని బాధ్యతల్లో చేరి ఉన్నాయి. రెండవది, ఆధారపడటానికి గడువు. సమర్థుడైన భిక్షువు ఐదేళ్ళ పాటు ‘నిస్సయం’లో, అంటే గురువు మీద ఆధారపడి, ఉంటే చాలునని నియమం సడలించబడింది. ఆ తరువాత అతను స్వతంత్రుడు. మూడవది, శిష్యుల సంఖ్య. ఒక భిక్షువు ఇద్దరు శ్రామణేరులను చేర్చుకోరాదన్న నిషేధం మొదట ఏర్పడింది. తరువాత, బోధించి సంరక్షించగలిగినంతమందిని చేర్చుకోవచ్చునన్న అనుమతి వచ్చింది. ఎంతమంది అన్నదానికి కొలత గురువు ప్రతిష్ఠ కాదు, అతను ఇవ్వగలిగిన శ్రద్ధ. నేడు ప్రొఫెసర్‌కు ఎనిమిది, అసోసియేట్ ప్రొఫెసర్‌కు ఆరు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నాలుగు అని నియమం పెట్టిన పరిమితికి మూలంలో ఉన్న తర్కమూ ఇదే.

విహార జీవితాన్ని విశ్వవిద్యాలయంతో సమానం చేయడం ఇక్కడి ఉద్దేశం కాదు. భిక్షువు ఇల్లు విడిచి వచ్చినవాడు. పరిశోధకుడు ఇంటి బాధ్యతతో వచ్చినవాడు. అయినా ఒక విషయం స్పష్టం. ఒకే కప్పు కింద నిద్రపోయేంత దగ్గరితనం ఉన్న చోట కూడా విధులు లెక్కించి చెప్పారు, రెండు వైపులా చెప్పారు, గడువు పెట్టారు. ప్రేమ ఉంది కనుక నియమం అనవసరమని వారు అనుకోలేదు.

4. కృతజ్ఞత, ఋణం

గురువు దగ్గరకు, దేవుని దగ్గరకు, పసిబిడ్డ దగ్గరకు ఉత్తచేతులతో వెళ్ళకూడదని మన ఇళ్ళలో చెబుతారు. పల్నాడు నుంచి విశ్వవిద్యాలయానికి బయలుదేరే విద్యార్థి సంచిలో అమ్మ కట్టిన మూట ఒకటి ఉంటుంది. కొత్త కారమో, పండుమిరపకాయల పచ్చడో, కందిపప్పో. ‘మీ సారుకివ్వు’ అంటుంది అమ్మ. ఈ మూటను లంచమని పిలిస్తే ఆ తల్లిని అవమానించినట్టు. అది ప్రేమ అనీ, అందులో ఆలోచించవలసిందేమీ లేదనీ అంటే మరో సత్యాన్ని దాచినట్టు. అదే గదిలో కూర్చునే మరో విద్యార్థికి పొలం లేదు, పచ్చడి పెట్టి పంపే తల్లి లేదు. అతను ఉత్తచేతులతో వచ్చాడన్నది ఎవరూ అనకపోయినా అతనికి తెలుస్తూనే ఉంటుంది.

ఇచ్చిన వస్తువు కాదు, ఇచ్చిన సమయం ముఖ్యం. పట్టా వచ్చిన తరువాత తెచ్చిన మిరపకాయల మూట కృతజ్ఞత. అధ్యాయం దిద్దడానికి బల్ల మీద ఉన్నప్పుడు తెచ్చిన అదే మూట, ఇచ్చేవారి మనసు ఎంత స్వచ్ఛమైనదైనా, ఒక నిరీక్షణను వెంట తెస్తుంది. అందువల్ల ఈ చోట హద్దు గీయవలసిన బాధ్యత తీసుకునేవారిది. ‘అమ్మకు నమస్కారాలు చెప్పు, పట్టా వచ్చాక తప్పకుండా తీసుకుంటాను’ అని ఆచార్యుడు అనగలిగితే ఎవరి గౌరవమూ తగ్గదు.

ఇదే తర్కం ఎదురు దిశలోనూ వర్తిస్తుంది. పరీక్ష రుసుము కట్టిన ఆచార్యులు, వసతిగృహంలో చోటు దొరకని విద్యార్థికి తమ ఇంట్లో గది ఇచ్చినవారు మన శాఖల్లో ఉన్నారు. వారి ఔదార్యం వల్ల నిలబడిన జీవితాలు ఉన్నాయి. దాన్ని హద్దు మీరడం అనడం అన్యాయం. అయితే ఔదార్యం ఒక ఋణాన్ని సృష్టిస్తుంది. ఉప్పు తిన్న ఇంటికి ఎదురు చెప్పరాదన్న సంస్కారం మనలో బలంగా ఉంది. పరిశోధనకు కావలసింది సరిగ్గా ఆ ఎదురు చెప్పడమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ద్విపద పల్నాటి వీరచరిత్రను శ్రీనాథుని రచనగా పరంపర చెబుతుంది. ఆ కర్తృత్వం మీద పండితుల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. తన పర్యవేక్షకుడు దశాబ్దాలుగా ఒక పక్షాన రాసి ఉండగా, విద్యార్థికి దొరికిన ఆధారాలు రెండవ పక్షాన్ని సూచించాయనుకుందాం. ఆ విద్యార్థి ఆచార్యుని ఇంట్లో అన్నం తిని, ఆయన కట్టిన రుసుముతో చదివినవాడైతే, ఆ అధ్యాయం ఏ రూపం తీసుకుంటుంది? బహుశా ఎవరూ బెదిరించరు. ఎవరూ అడగరు కూడా. వాక్యం తనంతట తానే మెత్తబడుతుంది. ‘కాదు’ అని రాయవలసిన చోట ‘పునఃపరిశీలించవచ్చు’ అని వస్తుంది. నష్టపోయింది విద్యార్థి ఒక్కడే కాదు. శ్రీనాథుని గురించి మనకు తెలియవలసినది కూడా. అందుచేత హద్దు అన్నది విద్యార్థి రక్షణకు మాత్రమే కాక సత్యాన్వేషణకు కూడా ముందస్తు షరతు. గురువు దృష్టిలో లోపాన్ని చూపడం శిష్యుని విధిగా చెప్పిన వినయ నియమం వెనుక ఉన్న వివేకం ఇక్కడ అర్థమవుతుంది.

మరి సాయం చేయరాదా? చేయాలి. కాని సాయం చేసినవారే ఆ సాయం బంధనం కాకుండా చూడాలి. డబ్బు అవసరమైతే శాఖ నిధి ద్వారానో, పూర్వ విద్యార్థుల సంఘం ద్వారానో అందేట్టు చేయవచ్చు. అది కుదరనప్పుడు, అభిప్రాయభేదానికి ఈ సాయంతో సంబంధం లేదని మాటలో, ఆ తరువాత ప్రవర్తనలో నిరూపించాలి.

5. మేలు కోరి తీసుకునే నిర్ణయం

పల్నాటి వీరుల కథలో బాలచంద్రుడు కారంపూడి యుద్ధానికి వెళుతూ, తన సోదర సమానుడైన బ్రాహ్మణుడు అనపోతును ఒక నెపంతో దారిలో నుంచి వెనుకకు పంపేస్తాడు. అతను యుద్ధంలో చావకూడదన్నది బాలచంద్రుని ప్రేమ. విషయం తెలిసిన అనపోతు ఆ ప్రేమను భరించలేక ప్రాణం తీసుకుంటాడు. ఈ ఘట్టాన్ని సాధారణంగా స్నేహానికి పరాకాష్ఠగా వ్యాఖ్యానిస్తారు. అందులో మరో ప్రశ్న కూడా ఉంది. అనపోతు జీవితం గురించిన నిర్ణయం అనపోతును అడగకుండా జరిగింది. నాయకుడు తన అనుచరుని మేలు కోరాడు. అతని మాట మాత్రం వినలేదు.

పర్యవేక్షణలో హద్దు చెదిరే సందర్భాలన్నీ దుర్మార్గం నుంచి పుట్టవు. చాలావరకు ఇటువంటి ప్రేమ నుంచే పుడతాయి. పల్నాడు గ్రామాల్లో తిరిగి గాయకుల పాటలు సేకరిస్తానన్న విద్యార్థినికి ‘ఆడపిల్లవు, ఎందుకమ్మా ఆ తిరుగుడు, గ్రంథాలయంలో కూర్చొని చేసే విషయం తీసుకో’ అని చెప్పే ఆచార్యుడు ఆమె క్షేమమే కోరుతూ ఉండవచ్చు. కాని ఆ మాట సలహాగా ఉన్నంతవరకే అతని పరిధి. విషయ పత్రం మీద సంతకం ఆపితే అది సలహా కాదు. ప్రమాదాలు ఇవీ, జాగ్రత్తలు ఇవీ అని చెప్పి, నిర్ణయాన్ని ఆమెకు వదిలి, ఆమె వెళతానంటే తోడుగా మరో పరిశోధకురాలిని, స్థానికంగా ఒక అధ్యాపకుని పరిచయాన్ని ఏర్పాటు చేయడం మార్గదర్శకత్వం.

ఆంతరంగిక సంబంధాల ప్రశ్న కూడా ఈ సందర్భంలోనే చర్చించాలి. ఇద్దరూ వయోజనులే కదా, ఇష్టపడితే తప్పేమిటి అని అడుగుతారు. సమ్మతి అన్న మాటకు అర్థం ఉండాలంటే అసమ్మతికి కూడా చోటు ఉండాలి. ఒకరి సంతకం మీద మరొకరి ఆరేళ్ళు ఆధారపడి ఉన్నప్పుడు ‘సరే’ అన్న మాటలో ఇష్టం ఎంత, భయం ఎంత అన్నది అన్నవారికే తెలియకపోవచ్చు, విన్నవారికి అసలే తెలియదు. 2013 చట్టం ఇటువంటి చోట మేలు చేస్తానన్న సూచనను, కీడు జరుగుతుందన్న సూచనను, అవి మాటల్లో స్పష్టంగా లేకపోయినా, వేధింపుకు దారితీసే పరిస్థితులుగానే గుర్తించింది. ఉన్నత విద్యాసంస్థల కోసం రూపొందిన 2015 నియమాలు విద్యార్థినులతో పాటు కొందరు విద్యార్థులు, తృతీయ ప్రకృతికి చెందినవారు కూడా దీనికి గురికావచ్చునని చెబుతున్నాయి. చట్టం చెప్పినదానికి ముందే నీతి చెప్పవలసినది ఒకటి ఉంది. పర్యవేక్షణ కొనసాగుతున్నంతకాలం ఆ ద్వారం మూసి ఉంచవలసినది ఆచార్యుడే. నిజమైన అనురాగమే అయితే పర్యవేక్షణను, మూల్యాంకనాన్ని పూర్తిగా వదులుకోవాలి. రెండు పాత్రలూ ఒకేసారి నిలబడవు.

6. ఎవరి పని ఎవరి పేరు మీద

హద్దు చెదరడానికి మరో రూపం శ్రమకు పేరు మారడం. విద్యార్థి సేకరించిన పాఠాంతరాలు ఆచార్యుని పీఠికలో పేరు లేకుండా చేరడం ఒక వైపు. ఆచార్యుడే రాసిపెట్టిన అధ్యాయం విద్యార్థి పేరుతో వెలువడటం మరో వైపు. 2018లో వచ్చిన గ్రంథచౌర్య నివారణ నియమాలు పది శాతానికి మించిన సామ్యాన్ని మూడు స్థాయిలుగా విభజించి చర్యలు సూచిస్తాయి. యంత్రం పట్టుకునేది ముందే అచ్చయిన వాక్యాన్ని మాత్రమే. ఒక గదిలో ఒకరు మరొకరికి చేసిపెట్టిన పనిని అది పట్టుకోలేదు. అక్కడ నియమం కంటే ఆనవాయితీ ముఖ్యం.

మంచి ఆనవాయితీకి పల్నాటి కథ చుట్టూనే ఉదాహరణ ఉంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వెల్చేరు నారాయణరావు వద్ద చదువుకున్న జీన్ రోఘైర్ పల్నాటి వీరుల కథను క్షేత్రంలో రికార్డు చేసి, ఇంగ్లీషులోకి అనువదించి, అధ్యయనం చేశారు. 1982లో వెలువడిన ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’ గ్రంథం రోఘైర్ ఒక్కరి పేరుతోనే ఉంది. తనకు కథ పాడిన అలిసెట్టి గాలెయ్యను ఆ గ్రంథం పేరుతో పరిచయం చేస్తుంది. తరువాత పాల్కురికి సోమనాథుని బసవపురాణానికి 1990లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం మీద అనువాదకునిగా నారాయణరావు పేరు, సహాయకునిగా రోఘైర్ పేరు ఉన్నాయి. ఒక పుస్తకం శిష్యునిది, మరో పుస్తకంలో ప్రధాన శ్రమ గురువుది. ఎవరి పాత్ర ఎంతో ముఖపత్రమే చెబుతోంది. ఇద్దరి మధ్య దగ్గరితనం ఉన్నా పేర్లు కలిసిపోలేదు.

గాలెయ్య ప్రస్తావన మరో బాధ్యతను గుర్తు చేస్తుంది. తన పర్యవేక్షకుని ముందు బలహీనుడైన పరిశోధకుడు గాయకుని ముందు బలవంతుడు. చేతిలో రికార్డరు, వెనుక విశ్వవిద్యాలయం ఉన్నవాడు అతనే. తనకు కావలసిన గౌరవాన్ని పైవారిని అడిగే పరిశోధకుడు అదే గౌరవాన్ని గాయకునికి ఇస్తున్నాడా అన్నది ఈ వాదానికి నిజమైన పరీక్ష. పాడినందుకు పారితోషికం, ప్రచురణకు అనుమతి, పేరు, ‘ఈ భాగం రికార్డు చేయవద్దు’ అన్నప్పుడు ఆపడం, ఇవన్నీ కిందివైపు గీయవలసిన హద్దులు.

7. అభ్యంతరాలు

ఈ ప్రతిపాదనకు రెండు బలమైన అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, సాహిత్య పరిశోధన ప్రయోగశాల పని కాదు. పద్యం చదవడం, తాళపత్రం విప్పడం, అర్ధరాత్రి దాకా ఒక పాఠం మీద వాదించుకోవడం అన్నవి గడియారం చూసి జరిగేవి కావు. హద్దుల పేరుతో ఈ సాన్నిహిత్యాన్ని పోగొడితే విద్యే పోతుంది అన్నది. ఈ అభ్యంతరంలో సత్యం ఉంది. అందుకే ఈ వ్యాసం హద్దును దూరంగా నిర్వచించలేదు. అర్ధరాత్రి దాకా వాదించుకోవచ్చు, ‘నాకు నిద్ర వస్తోంది సార్, రేపు కూర్చుందాం’ అని విద్యార్థి అనగలిగినంతవరకు. పైగా ఆ సాన్నిహిత్యం అందరికీ సమానంగా అందదు. కులం, ఊరు, బంధుత్వం, స్త్రీపురుష భేదం దాని దారిని నిర్ణయిస్తాయి. ఆచార్యుని ఇంటి వసారాలో జరిగే పాఠానికి ఒక విద్యార్థిని సాయంత్రం ఆరు దాటాక వెళ్ళలేదు. మరో విద్యార్థి ఆ వసారా దాటి లోపలికి ఎంతవరకు రావచ్చునో తెలియక గుమ్మం దగ్గరే నిలబడతాడు. మాచర్ల చెన్నకేశవుని సన్నిధిలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని కథ చెబుతుంది. శాఖ గదిలో, నిర్ణీత సమయంలో, తలుపు తెరిచి జరిగే పాఠం మన కాలపు చాప. అందరికీ తెలిసిన నియమం ఉన్నప్పుడే చివర కూర్చున్నవానికి వడ్డన అందుతుంది.

రెండవ అభ్యంతరం, హద్దులన్నీ ఆచార్యునికే ఎందుకు, విద్యార్థికి లేవా అన్నది. ఉన్నాయి. అధ్యాయం రాసిపెట్టమని అడగడం, చదవకుండానే సంతకం కోరడం, గడువు చివరి రోజున మూడు వందల పుటలు తెచ్చి పెట్టడం, ఆచార్యుని కుటుంబ విషయాలను వరండాల్లో పంచడం, ఒక ఆచార్యుని మాటను మరో ఆచార్యునికి మోయడం, ఇవన్నీ విద్యార్థి వైపు నుంచి హద్దు దాటడాలే. అయితే రెండు వైపులా దోషం ఉండవచ్చునన్నంత మాత్రాన బాధ్యత సమానం కాదు. అధికారం ఎక్కువ ఉన్న వైపు బాధ్యత ఎక్కువ.

8. ఆచరణ

నియమాలు లేవని కాదు, వాటి అమరికలో లోపం ఉంది. 2022 నియమాలు ప్రతి పరిశోధకునికి ఒక సలహా సంఘాన్ని ఏర్పాటు చేశాయి. ప్రతి సెమిస్టరులో విద్యార్థి దాని ముందు తన ప్రగతిని వివరించాలి. కాని ఆ సంఘానికి కన్వీనరు పర్యవేక్షకుడే. ఎవరి గురించి చెప్పుకోవాలో వారే సభను పిలిచేవారైతే విద్యార్థి చెప్పేది ప్రగతి మాత్రమే అవుతుంది. 2023లో వచ్చిన విద్యార్థి ఫిర్యాదుల నియమాలు ఫిర్యాదుల పరిష్కార సంఘాన్ని, దానిపైన అంబుడ్స్‌పర్సన్‌ను ఏర్పరచాయి. కాని ఫిర్యాదు అన్నది బంధం తెగిన తరువాతి మెట్టు. తెగకముందు మాట్లాడే చోటు కావాలి.

ఈ దృష్టితో శాఖల స్థాయిలోనే చేయదగినవి కొన్ని ఉన్నాయి. నమోదు సమయంలోనే ఇద్దరూ కూర్చొని ఒక పుట రాసుకోవచ్చు: ఎన్నాళ్ళకొకసారి కలవాలి, అధ్యాయం ఇచ్చిన ఎన్ని వారాల్లో దిద్ది ఇవ్వాలి, ఏ పనులు పరిశోధనలో భాగం, ఏవి కావు, ఏ వేళల్లో ఫోను చేయవచ్చు, ఉమ్మడి వ్యాసంలో ఎవరి పేరు ఎక్కడ. సలహా సంఘంలోని మరో సభ్యునితో పర్యవేక్షకుడు లేకుండా ఏడాదికొకసారి మాట్లాడే అవకాశం విద్యార్థులందరికీ తప్పనిసరి చేయాలి. అందరికీ తప్పనిసరి అయినప్పుడు వెళ్ళినవాని మీద అనుమానం రాదు. పర్యవేక్షకుని మార్పుకు కారణం చెప్పనవసరం లేని ఒక గడువు, మొదటి సంవత్సరంలోపు, ఉండాలి. ఫెలోషిప్ పత్రం మీద సంతకాన్ని అధ్యాయం నాణ్యతతో ముడిపెట్టరాదు. వీటిలో ఏదీ ఖర్చుతో కూడినది కాదు.

ముగింపు

ధౌమ్యుని ఇంట్లో ఎద్దులా బరువు మోసిన వేదుడు తన శిష్యుల మెడ మీద ఆ కాడి పెట్టలేదు. నాగార్జునకొండకు తెలిసిన వినయ సంప్రదాయం సేవను రెండు వైపులా పంచి, ఆధారపడటానికి గడువు పెట్టింది. అనపోతు కథ, అడగకుండా చేసిన మేలు కూడా గాయమవుతుందని చూపింది. ఈ ఆధారాలన్నీ ఒక్క విషయాన్నే బలపరుస్తున్నాయి. గురుశిష్య బంధంలో ఆత్మీయత ఎంత ఉండాలన్నది కొలవవలసిన విషయం కాదు. ఆ ఆత్మీయత నడుమ శిష్యుని ‘కాదు’ బతికి ఉందా అన్నది కొలవాలి. దానికి చోటిచ్చిన ఆచార్యుని దగ్గర ‘అవును’ అన్న మాటకు విలువ ఉంటుంది. కృతజ్ఞతల పుటలో ‘పితృసమానులు’ అని రాసిన మాటకు కూడా. నేటి పరిశోధకుల్లో కొందరు రేపటి పర్యవేక్షకులు. వారు వేదుని వైపు నిలబడతారా, తాము మోసిన కాడిని తరువాతివారికి అప్పగిస్తారా అన్నదాని మీద ఈ హద్దుల భవిష్యత్తు ఆధారపడి ఉంది.